బకో సార్జెంటు కాలు

ఎటెల్కాకి,
కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు. ఈ వెట్టిపని క్యాంపులో ఉత్తరాలన్నీ చదువుతారు కనక, ఈ కార్డు ఇక్కడికొచ్చే పాలావిడ చేతికిస్తున్నాను. గురువారానికి బుడాపెస్టులో నీకు అందుతుందట.

సోమవారం కందకం తవ్వుతుంటే బకో సార్జెంటు నన్ను తన్నబోయాడు. కాలు కనిపిస్తే పట్టేయడం పద్దెనిమిదేళ్ళ కుస్తీ అలవాటు కదా, పట్టేశాను. వాడి రెండు భుజాలూ బురదకి ఆనాయి. పైగా పోటీల్లోలాగే లేవడానికి చెయ్యి కూడా అందించాను! వాడు కొట్టలేదు, నవ్వాడు. అదే నా భయం.

"ఒరే, నువ్వు ఛాంపియన్ డెజోవి కదూ! టిక్కెట్టు కొని మరీ చూశాన్రా నిన్ను. ఆదివారం ఆఫీసర్ల ముందు మనిద్దరికీ కుస్తీ. యూదుడి చేతిలో మళ్ళీ పడ్డాననిపించావో, ఈ గొయ్యి నీకే" అన్నాడు.

ఉన్ని మేజోళ్ళు పంపు. పిల్లకి దగ్గు తగ్గిందా? ముందు గదిలో నేను గెలిచినప్పటి ఫొటో తీసి దాచెయ్యి.

తోటివాళ్ళతో ఓడిపోవడం సాధన చేస్తున్నాను. భుజం నేలకి తగలబోయేసరికి ఒళ్ళు నా మాట వినకుండా తిరిగిపోతోంది. అమ్మ శుక్రవారం దీపాలు వెలిగించి ఎప్పుడూ నా గెలుపే కోరుకుంటుంది. ఈ శుక్రవారం నేను ఓడిపోవాలని కోరుకోమను. ఎందుకో మాత్రం చెప్పకు.

పిల్లకి ముద్దులు.
నీ డెజో