ధనం ఉపవాసం

రాజపాళయం,
13 మార్చి 1961

పాస్టరయ్యగారికి వందనాలు.

స్త్రీల కూటానికి లెంతు ధ్యానం వ్రాయమన్నారు. వ్రాయలేకపోయాను. కారణం మనవి చేస్తున్నాను.

నిన్న ప్రసంగంలో మీరు నూలు మిల్లులో పనిచేసే మా ధనాన్ని పేరుపెట్టి మెచ్చుకున్నారు. ఈ లెంతు ఉపవాస కాలమంతా పగలు నీళ్ళైనా ముట్టడం లేదన్నారు. ఆమె తల వంచుకుంది. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "నాకు ఏడాదంతా లెంతే అక్కా! తాగితే పోవల్ల గదా? మన వీధిలో ఆడోళ్ళకు మరుగు యాడుంది? ఇరుట్టు పడేదాకా, చీకటయ్యేదాకా బిగబట్టుకొని ఉండేదే" అని నవ్వింది. ఆ నవ్వు ముగియకుండానే కడుపు పట్టుకుని కూలబడింది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మూత్రపిండాలకు చీము పట్టిందనీ, నీళ్ళు బాగా తాగకపోతే ప్రాణం దక్కదనీ డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడ వార్డు పక్కనే మరుగుదొడ్డి ఉంది. అయినా ధనం గ్లాసు తోసేస్తున్నది.

"అయ్య అందరి ముందర చెప్పినారే! ఇప్పుడు నేను తాగితే ఆయన మాట అబద్ధం అయిపోదా?" అంటున్నది.

వాక్యం చదివి చెప్పాను. ఏడ్చాను. వినలేదు.

మా వీధి ఆడవాళ్ళకు ఒక మరుగుదొడ్డి కావాలని దేవుణ్ణి అడగాలి. ఆ ప్రార్థన గుడిలో ఆడవాళ్ళ నోట రాదు. వచ్చే ఆదివారం మీరే చేయండి. అంతకుముందు, ఈ ఉత్తరం అందగానే ఆసుపత్రికి రండి. మీ చేతులతో ఇస్తే తాగుతుంది. ఈస్టరు దాకా ఆగే ప్రాణం కాదయ్యా.

మీ సంఘపు సహోదరి