తల్లులు ఉన్నాయా, ఉన్నారా

ఎర్రసిరా మామయ్యకు, మీ మేనకోడలు భయభక్తులతో రాసేది:

కొత్త ఉద్యోగం సంగతి పోయిన ఉత్తరంలో అంతా రాశాను కదా, మళ్ళీ రాయను. ఫోను చేద్దామంటే, ఫోనులో ఒత్తులు వినబడవని మీరు ఎత్తరు.

ఇక్కడ తల్లుల బాధ్యత నాకే ఇచ్చారు. నలభై తల్లులు ఉన్నాయి. ఒక్కొక్కటి ఆరేసి కిలోలు. తొట్లలో ఉంచాం. పోయిన ఏడు ఒక్కో తల్లి లక్ష పిల్లల్ని ఇచ్చింది. ఈ ఏడు ఒక్క పిల్లా లేదు. అంతా నీళ్ళ వేడిలో ఉందట మామయ్యా. ఇరవై ఎనిమిది డిగ్రీలుంటే చక్కగా కంటాయి, నాలుగైదు డిగ్రీలు పెరిగితే ఇక అంతే. రోజూ నేనే కొలుస్తున్నాను, తల్లుల తొట్లలో సరిగ్గా ఇరవై ఎనిమిదే ఉంది. మరి ఎందుకు కనడం లేదో తెలియడం లేదు. ఇలాగే ఉంటే తల్లుల్ని సంతలో అమ్మేస్తానంటున్నాడు యజమాని. నాకు అన్నం సయించడం లేదు.

మీ మేనకోడలు

తా.క. నిన్న ఒక తల్లి తోకతో నా చెంప పగలగొట్టింది. అయినా నాకు దాని మీద కోపం రాలేదు.

---

అక్షరదోషాలు మినహా అన్ని విధాలా ముచ్చటైన మేనకోడలిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది:

నీ ఉత్తరాన్ని దిద్ది దీనితో జతపరిచాను. పదికి మూడు మార్కులు. 'తల్లులు ఉన్నాయి' అన్నావు. బల్లలు ఉంటాయి, తల్లులు ఉంటారు. నలభై తల్లులు కాదు, నలభై మంది తల్లులు. 'అరవయ్యేసి' అని వ్రాయబోయి 'ఆరేసి' కిలోలు అన్నావు. తొట్టెలో పడుకునేది పిల్ల. తల్లి పక్కన కూర్చుని ఊపుతుంది. 'లక్ష పిల్లలు' అన్నచోట 'ణ' ఎగిరిపోయింది. 'లక్షణమైన పిల్లలు' అని నేనే పూరించుకుని చదివాను.

ఇక విషయానికి వస్తాను. నువ్వు పనిచేస్తున్నది ఎటువంటి ప్రసూతి గృహం? నిండు చూలాండ్రకు ఇరవై ఎనిమిది డిగ్రీల చన్నీళ్ళా? నీళ్ళు కాచి పొయ్యండి. పిల్లలు కలగలేదని తల్లులను అమ్మే మనిషి సంగతి పోలీసు అధికారికి అర్జీగా వ్రాస్తున్నాను. సంధులు సరిచూడడానికి రెండు రోజులు పడుతుంది.

మామయ్య

తా.క. 'కోకతో' అన్నది 'తోకతో' అని పడింది. పరాయి వాళ్ళ చేతిలో పడితే ఎంత అప్రతిష్ఠ.

---

దిద్దకుండా నిద్రపోని మామయ్యకు, మూడు మార్కుల మేనకోడలు రాసేది:

'ప్రసూతి గృహం' అన్న పేరు మా వాళ్ళందరికీ నచ్చింది, గుమ్మం మీద సుద్దతో రాశాం. కానీ 'ఉన్నారు' అంటే మాత్రం నవ్వుతున్నారు మామయ్యా. ఇక్కడ అందరూ 'ఉన్నాయి' అనే అంటారు. నీళ్ళు కాచి పోస్తే తల్లులు వెల్లకిలా తేలిపోతాయి, ఆ పని నేను చెయ్యలేను.

ఒక్కోసారి తొట్టి గట్టు మీద కూర్చుని ఆశ్చర్యపోతుంటాను. లక్ష ప్రాణాలు నాలుగు డిగ్రీల ఇవతల పుడతాయి, అవతల పుట్టనే పుట్టవు. ఆ లెక్క వాటికి ఎవరు చెప్పారో, థర్మామీటరు ఒంట్లో ఎక్కడ దాచుకున్నాయో.

శుక్రవారం కొనేవాడు బండి తెస్తున్నాడు. మొన్న వచ్చి ఒక తల్లి పొట్ట నొక్కి చూసి, కోస్తే పన్నెండు ముక్కలవుతుందన్నాడు. నేను పక్కకు వెళ్ళి ఏడ్చాను.

మీ మేనకోడలు

తా.క. అర్జీలో మా యజమాని గురించి చెడుగా ఏమీ రాయకండి. మనిషి మంచివాడే.

---

కష్టంలో ఉన్న మేనకోడలికి మామయ్య ధైర్యం చెప్పి వ్రాయునది:

నీ ఉత్తరం చదివిన వెంటనే కళ్ళద్దాలు కూడా వెతుక్కోకుండా వ్రాస్తున్నాను. పై వాక్యంలో ఒక కొమ్ము వంకరపోయింది, మన్నించు.

పన్నెండు ముక్కలా? నేను గురువారం మధ్యాహ్నానికి అక్కడ ఉంటాను. అర్జీ పన్నెండు పేజీలు వచ్చింది, ముక్కకొక పేజీ.

ఒక్క మాట అడుగుతాను. నీ ఉత్తరాలు రెండింటిలోనూ తల్లులు, తల్లులు, తల్లులు. తండ్రి అనే పదం ఒక్కచోట కూడా లేదు. కర్త లేకుండా వాక్యం నడుపుతున్నారు మీరు. ఆ తండ్రులు ఎక్కడ తగలడ్డారు? పిల్లలు కలగకపోతే తల్లినే నిలదీస్తారు కానీ, తండ్రి ఏ స్థితిలో ఉన్నాడో వెళ్ళి చూసినవాడు మీలో ఒక్కడైనా ఉన్నాడా?

మామయ్య

తా.క. తల్లులను భయపడవద్దని చెప్పు. ఇన్నాళ్ళు చన్నీళ్ళలో నానిన వాళ్ళకోసం నలభై తువ్వాళ్ళు తెస్తున్నాను.

---

మామయ్యా, ఈ చీటీ గేటు దగ్గర కాపలా ఆయనకి ఇచ్చి పెడుతున్నాను. నేను గుడ్ల దగ్గర నుంచి కదలలేను.

తండ్రులు ఎక్కడ తగలడ్డారు అన్నారు. నిజంగానే తగలడ్డాయి. మగచేపల్ని వెనకాల రేకుల కప్పు కింద తొట్లో పడేసి అందరం మరిచిపోయాం. మీ ఉత్తరం పట్టుకునే పరిగెత్తి థర్మామీటరు ముంచాను. ముప్పై అయిదు. మగచేప పొట్ట నొక్కితే చిక్కటి పాలలా రావాలి, ఉత్త నీళ్ళలా వచ్చింది. అవి కోలుకోవడానికి వారాలు పడుతుందట. గోడ నీడన చిన్న గుంటలో ఇంకో ఆరు మగవి ఉన్నాయి, వాటి పాలు చిక్కగా ఉన్నాయి. ఇవాళ తెల్లవారుతూనే గుడ్లు తీసి ఆ పాలు కలిపాం. ఆవగింజంత గుడ్లు అరగంటలో సగ్గుబియ్యంలా ఉబ్బాయి. ప్రాణం లేనివి తెల్లబడిపోతాయి. ఇప్పటిదాకా అద్దంలానే ఉన్నాయి. త్వరగా రండి.

మీ మేనకోడలు

తా.క. తువ్వాళ్ళు ఎందుకో అర్థం కాలేదు. మేం చేపల్ని తుడవం.

---

మేనకోడలికి, మామయ్య తలవంచి వ్రాయునది:

ఇల్లు చేరాను, వెనకే నీ ఉత్తరమూ అందింది. ఆ గురువారం గేటు దగ్గర నీ చీటీ చదివి తువ్వాళ్ళ మూట మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఇంటికి రాగానే కొత్త ఉద్యోగం సంగతి వ్రాసిన నీ పాత ఉత్తరం వెతికి తీశాను. రెండో పంక్తిలోనే 'చేపపిల్లల కేంద్రం' అని ఉంది. మొదటి పంక్తిలో నాలుగు తప్పులు ఉండడంతో నేను ఆనాడు రెండో పంక్తికి రాలేదు.

ఆ గురువారం సాయంత్రం నువ్వు గాజుపళ్ళెం నా కళ్ళద్దాల కింద పెట్టి 'చూడండి' అన్నావు. ఒక్కో గుడ్డులో ఒక్కో కామా వంగి పడుకుని ఉంది. ముప్పై అయిదేళ్ళు పిల్లల పుస్తకాలలో కామాలు పెట్టినవాణ్ణి. కామా తోక ఆడించడం ఎన్నడూ చూడలేదు. ఒకటి ఆడించింది. పక్కది ఆడించింది. తరువాత పళ్ళెమంతా కదిలింది. నా జేబులో ఎర్రసిరా కలం ఉంది. దిద్దడానికి ఏమీ కనబడలేదు. శుక్రవారం ఉదయం కనురెప్ప వెంట్రుకల వంటి పిల్లలు నీళ్ళంతా నిండినప్పుడు, మీ యజమాని కొనేవాడి బండిని గేటు దగ్గరి నుంచే తిప్పి పంపి, కళ్ళు తుడుచుకున్నాడు. తువ్వాలు నేనే ఇచ్చాను.

వ్యాకరణం సంగతి. చేపలు కనుక 'తల్లులు ఉన్నాయి' అన్నది సాధువే. నీకు పదికి పది. కానీ ఆ పళ్ళెం చూసినవాడు 'పుట్టాయి' అనలేడు. పుట్టారు, అమ్మాయీ. లక్ష మంది పుట్టారు. తప్పయితే దిద్దుకో, ఎర్రసిరా సీసా నీకే పంపుతున్నాను.

మామయ్య

తా.క. మిగిలిన ముప్పై తొమ్మిది తువ్వాళ్ళు తడిపి రేకుల కప్పు మీద పరిస్తే తండ్రుల తొట్టి ఇరవై ఎనిమిదికి దిగిందని వ్రాశావు. సంతోషం. అవి ఎవరి కోసం తెచ్చానో మాత్రం మీ వాళ్ళకు చెప్పకు.