నీలం చీటీ మంచాలు

విరేచనాల వార్డు పక్క గది,
బుధవారం పొద్దున

చిరంజీవి చిట్టెలుకకి అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నేనూ కులాసా. అక్కడ నువ్వూ, మరిదిగారూ కులాసా అని తలుస్తాను.

అమ్మ కులాసాకి కారణం నువ్వే. పేపర్లో పడ్డ నీ ఫొటో హాల్లో గోడకెక్కింది. గ్యాస్ అతను వచ్చినా సరే, పిల్లల విరేచనాలకి కొత్త పొడి కనిపెట్టింది మా చిన్నదే అని చెప్పందే గుమ్మం దాటనివ్వదు. ఆ మహానుభావుడు నావైపు తిరిగి, మరి మీరేం చేస్తుంటారమ్మా అని అడిగాడు. ఒళ్లు మండిపోయింది. నేనూ డాక్టర్నేనని అమ్మ ఒక్క మాట అంటే ఒట్టు!

నువ్వు వేదికలెక్కి మాట్లాడతావు. ఆ పొడి పనిచేస్తుందో లేదో తేల్చే చాకిరీ మాత్రం నాది. మధ్యలో చిల్లున్న మంచాల కింద బకెట్లు పెట్టి, ఏ పిల్లకి ఎంత పోయిందో కొలిపించేది నేను. సగం మందికి నీ పొడి, సగం మందికి పాత పొడి. ప్యాకెట్ల మీద ఎర్ర చీటీ, నీలం చీటీ తప్ప ఏది ఎవరిదో నీకూ నాకూ తెలియకూడదని నియమం. నీ పొడిలో ఏముందో కూడా వార్డు డాక్టర్లకి చెప్పరట. సొంత అక్కకి కూడానా?

అయినా కనిపెట్టేశానే! రెండూ నీళ్లలో కలిపి నాలిక్కి రాసుకున్నాను. చేయకూడని పనే, తిట్టుకో. నీలం చీటీది తియ్యగా ఉంది. చిన్నప్పుడు పాలగ్లాసు అడుగున పంచదార మేటవేసేంత వేసుకునేదానివి. ఇంకెవరిదవుతుంది?

ఆ నీలం చీటీ పిల్లలకి విరేచనాలు ఓ పట్టాన కట్టడం లేదు. కొందరికి సెలైన్ ఎక్కించాల్సి వస్తోంది. ఎర్ర చీటీ వాళ్లేమో లేచి కూర్చుని బిస్కెట్ల కోసం పేచీ పెడుతున్నారు. అది చూసి సంతోషించానే చెల్లీ. జబ్బు పిల్లల మధ్య నిలబడి, నీ మందు ఓడిపోతోందని లోలోపల మురిసిపోయాను. ఇంత కుళ్లు నాలో ఉందని నాకే తెలియదు.

పోయిన వారం పర్యవేక్షణ సంఘానికి రాశాను. తేడా మరీ ఎక్కువగా ఉంది, గుట్టు విప్పి చూసి పరీక్ష ఆపించండి అని. ఆపితే నీ ఇన్నేళ్ల కష్టం మట్టికొట్టుకుపోతుంది. పిల్లల కోసమే రాశానని ఒట్టేసి చెప్పగలను. కాకపోతే, కవరు అంటిస్తూ కూనిరాగం కూడా తీశాను.

మరీ బెంగపెట్టుకోకు. కొన్నాళ్లు వచ్చి నా దగ్గరుండు.

ఇట్లు,
నీ మేలు కోరే (అనుకుంటున్నాను)
అక్క

తా.క.: ఇప్పుడు సాయంత్రమైంది. మధ్యాహ్నం ఈ ఉత్తరం డబ్బాలో వేయబోతుంటే సంఘం పెద్దాయన ఫోన్ చేశారు. పరీక్ష ఆపేశారు. ఎర్ర చీటీ నీది.

పంచదార ఎక్కువైతే పేగుల్లోకి నీళ్లు లాగేస్తుందని నాకూ తెలుసు. కానీ నువ్వు పాత పొడిలో తీపి తగ్గించి కొత్తది చేస్తావని కల్లో కూడా అనుకోలేదే! శుభ్రంగా పప్పులో కాలేశాను. ఇంత బాగా పనిచేసే మందు మిగతా పిల్లలకి ఇవ్వకపోవడం పాపమని ఆపారట. నేను తొందరపెట్టబట్టి నెలలు కలిసొచ్చాయని మెచ్చుకున్నారు కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫోన్ పెట్టేసి నీలం మంచాలన్నిటికీ నీ పొడే కలిపించాను. కిటికీ పక్క పిల్ల పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉంది గానీ కంట్లో చుక్క నీరు లేదు, ఒళ్లు అంతలా ఎండిపోయింది. ఇందాక బుగ్గల మీద కన్నీళ్లు కారేసరికి వాళ్లమ్మ హడలిపోయి నన్ను పిలిచింది. మంచిదేనమ్మా, ఒంట్లోకి నీరొచ్చింది అని చెప్పాను. మరి మీరెందుకు ఏడుస్తున్నారు డాక్టరమ్మా అంది. కుళ్లుతోనని చెప్పలేక, ఆ మందు మా చెల్లెలిదని చెప్పాను.