మెయిన్ స్విచ్ దగ్గర మనిషి

నీకు నా ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను, మొన్న రాసిన హీటరు షాకు సంగతి తలుచుకుని నిద్ర మానుకోకు.

నిన్న వీధి చివర కొట్లోంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. స్నానాలగదిలో హీటరు విప్పి చూసి, "ఎర్త్ వైరు ఊడిపోయింది సార్. రబ్బరు చెప్పులతో స్నానం చేస్తారా ఏంటి?" అన్నాడు. చేస్తానని ఒప్పుకున్నాను. "అవే కాపాడాయి" అన్నాడు.

మెయిన్ స్విచ్చులు అన్ని వాటాలవీ కింద మెట్ల దగ్గరే ఉన్నాయి. మా వాటాది ఆపి పని మొదలుపెట్టాలి; ఎవరైనా చూసుకోకుండా దాన్ని వేస్తే అతని ప్రాణం మీదికొస్తుంది. "ఇంట్లో ఇంకెవరున్నారు?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. "అయితే మీరే అక్కడ నిలబడండి. నేను పైనుంచి పిలుస్తుంటా. మీరు పలక్కపోతే పని ఆపేస్తా."

రెండు గంటలు నిలబడ్డాను. "ఉన్నారా సార్?" అని అతను, "ఉన్నా" అని నేను. ఉద్యోగానికని ఇక్కడికొచ్చిన ఏడు నెలల్లో నా గొంతు నేను అన్నిసార్లు వినలేదు.

మన మిక్సీ ప్లగ్గు ఇంకా మాడువాసన వస్తోందా? ఇక దాన్ని వాడకు. తడిచేత్తో స్విచ్చులు ముట్టుకోకు. మనిషిని పిలిచి ఎర్త్ చూపించు, మెయిన్ దగ్గర మీ తమ్ముణ్ణి నిలబెట్టు. నా పాత కళ్ళజోడు దొరికిందా? అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు.

అతను వెళ్ళిపోయాక కూడా కాసేపు ఆ మెట్ల దగ్గరే ఉండిపోయాను. నువ్వు వంటింట్లోంచి "ఏమండీ, ఉన్నారా?" అని ఊరికే పిలిచేదానివి. నేను పేపరు చాటున కూర్చుని ఒక్కనాడూ పలికిన పాపాన పోలేదు. సెలవు దొరకగానే వస్తాను. ఒకసారి పిలిచి చూడు.