నాలుగు గడులు, మెడలోతు నీళ్లు

జనవరి 4, ఆదివారం
చర్చిలో మహిళల మీటింగ్. పాస్టరమ్మ తలా ఒక కాగితం ఇచ్చి నాలుగు గడులు గీయమంది. ఉద్యోగం, ఇల్లు, ఒళ్లు, దేవుడు. గడికి ఒక గోల్ మాత్రమే రాయాలట. ఉద్యోగంలో ప్రమోషన్ అని రాశాను. ఇంటికి, వంటగది రేకులు మార్చడం. దేవుడికి, చర్చి క్వయర్ పాటల ప్రాక్టీసు మానకపోవడం. ఒళ్లు దగ్గర పెన్ను ఆగిపోయింది. చివరికి ‘ఈత’ అని రాశాను. పక్కనున్నావిడ చూసి నవ్వింది. మలావి సరస్సు ఒడ్డున పుట్టి, ముప్పై ఆరేళ్లొచ్చాక ఈతేమిటని.

మా అన్న లుసుంగు ఆ సరస్సులోనే పోయాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. మూడోరోజు దొరికాడు.

జనవరి 19, సోమవారం
మా ఆసుపత్రిలో నాతోటి నర్సు లింబానీకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. పడవలో తప్ప చేరలేని ఊళ్లకు టీకాలు వేయడానికి ఆరేళ్లుగా నా వంతు కూడా అతనే వెళ్తున్నాడు. బదులుగా అతని ఆదివారం డ్యూటీలు నేను చేసేదాన్ని. మార్చి నుంచి నువ్వే వెళ్లాలని ఇన్‌ఛార్జి మేడమ్ చెప్పింది. వెళ్లకపోతే ప్రమోషన్ ఫైలు కదలదని కూడా చెప్పింది, టీలో చక్కెర కలుపుతూ, మెల్లగా.

జనవరి 20
ఒకే బిడ్డ కార్డులో టీకా తేదీ రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాను. ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరి 7, శనివారం
ఎండుచేపలమ్మే ముసలావిడ న్యామ్హోనేని అడిగాను. డెబ్బై దాటినా ఇప్పటికీ ఈదుతుంది. నడుంలోతుకు తీసుకెళ్లి నా వీపు కింద చెయ్యి పెట్టింది.

“నీళ్లతో కొట్లాడకు నర్సమ్మా. కాసేపు ఊరుకో, అవే మోస్తాయి.”

చెవుల్లోకి నీళ్లు రాగానే ఆవిడ మెడ పట్టుకుని వేలాడాను. గోళ్లు దిగాయి. ఈసారి గోళ్లు కత్తిరించుకుని రమ్మంది.

ఫిబ్రవరి 21, శనివారం
ఆరు లెక్కపెట్టేదాకా తేలాను. అంతే. క్వయర్ ప్రాక్టీసు మూడుసార్లు మానేశాను. వంటగది కారి మొక్కజొన్న పిండి తడిసింది. లెక్కల్లో మా అమ్మాయి తేమ్వాకు మార్కులు పడిపోయాయని టీచరు కబురు పెట్టింది. పదేళ్ల పిల్ల, పక్కన కూర్చుని చదివించి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం నేను గోడకు అంటించుకున్న నాలుగు గడుల కాగితం చూస్తూ అడిగింది.

“అమ్మా, ఇల్లు గడిలో రేకులున్నాయి. నేను లేనేం?”

పొయ్యి మీద న్సిమా సంకటి తిప్పుతూనే ఉన్నాను. మాడిపోయింది.

ఫిబ్రవరి 28, శనివారం
ఈతకు అనుకున్న టైముకన్నా ముందుగా వెళ్లాను. పడవల రేవు మీద పిల్లలు వరసగా నీళ్లలోకి దూకుతున్నారు. మూడోది తేమ్వా.

తల ఎప్పుడు పైకి తేలుతుందా అని చూస్తున్నాను. తేలింది, నవ్వుతూ. ఒడ్డుకు రాగానే చెంప మీద కొట్టాను. తర్వాత అందరి ముందూ ఇసకలో కూలబడి ఏడ్చాను.

రెండేళ్లుగా ఈదుతోందట. నేర్పింది న్యామ్హోనేనే. ఆవిడ మీద అరిచాను. అప్పుడు ఆవిడ అంది:

“నీ భయం దానికి తెలుసమ్మా. నువ్వు ఏడుస్తావనే తడిబట్టలు మా ఇంట్లో ఆరేసుకుని వచ్చేది.”

మార్చి 5, గురువారం
వెళ్లాను.

లైఫ్‌జాకెట్ బకిల్ విరిగిపోయి ఉంది. తాడుతో కట్టుకున్నాను. కొండ మలుపు దాటగానే గాలి లేచింది, ఇంజిన్ ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. మధ్యలో కూర్చో, లేవకు అన్నాడు పడవ నడిపే ఆయన. టీకాల పెట్టెను వాటేసుకుని వాంతి చేసుకున్నాను. అన్న గుర్తొస్తాడనుకున్నాను. రాలేదు. రెండేళ్లపాటు తేమ్వా ఆరేసుకున్న బట్టలే కళ్లముందు కదిలాయి. పిల్ల అన్నిసార్లు నీళ్లలో ఉంటే నాకు తెలియనే లేదు. పడవ ఊగడం కన్నా అదే ఎక్కువ భయపెట్టింది.

ఇంజిన్ ఎప్పుడు అందుకుందో తెలియదు. ఒడ్డున దిగి ముఖం కడుక్కున్నాను. నలభై మూడు మంది పిల్లలకు టీకాలు వేశాను. చంటిబిడ్డనెత్తుకున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది. నీళ్లంటే భయపడే నర్సువి నువ్వేనా అంది. లింబానీ ఊరంతా చెప్పేశాడన్నమాట. నవ్వొచ్చింది. తిరుగు ప్రయాణం కూడా పడవలోనే అని అప్పుడు గుర్తొచ్చింది.

మార్చి 7, శనివారం
తేమ్వాతో దిగాను. మెడలోతు. అది నా చెయ్యి వదిలేసింది.

భయం వేసింది. నీళ్లలోంచి బయటికి రాలేదు.