గౌరి తెచ్చిన గుమ్మడికాయలు

డైరీ ఫార్మ్ పేట, శనివారం రాత్రి

నిద్ర పట్టేలా లేదు, రాసేస్తాను.

పొద్దున మా షాపు పక్కగదిలో, ఉచితంగా పంచే బియ్యం అడుగంటడం చూశాను. సముద్రం బాగోలేక ఈ వారమూ మా దీవికి సరుకుల షిప్పు రాలేదు. పనుల్లేక మా దగ్గర ఉచిత సరుకులకు వచ్చేవాళ్లు మాత్రం పెరుగుతున్నారు. ఇక పంచడం ఆపేస్తున్నామని బోర్డు మీద రాద్దామనుకున్నాను. సుద్దముక్క చేతిలో ఉండగానే తుష్నాబాద్ ఊరి నుంచి వచ్చే బస్సు దిగి గౌరి వచ్చింది. ప్రతి శనివారం బియ్యం తీసుకెళ్లే మనిషి. సంచీ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నది నా రూలు. ఇవాళ ఆమె రెండు సంచులు తెచ్చింది, రెండూ నిండుగా. గుమ్మడికాయలు, అరటికాయలు, కొబ్బరికాయలు.

"షిప్పు రాలేదంట కదా దీదీ. మా ఊళ్లో దొడ్లన్నీ తిరిగి తెచ్చేను," అంది.

అడక్కుండానే సరుకులు పంచే బల్ల వెనక్కి వచ్చి నా పక్కన నిలబడి పంచడం మొదలుపెట్టింది. అది చూసి, సరుకులకు వచ్చినవాళ్లలో ఇంకో ఇద్దరు వచ్చే వారం మునగాకూ చేపలూ తెస్తామన్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. బియ్యం సంగతే ఏమవుతుందో...

చివర్లో ఒక గుమ్మడికాయ నాకిచ్చింది. నాకెందుకన్నాను.

"లేలో దీదీ. మీ ఇంట్లో మాత్రం వంట లేదేటి?"

చెయ్యి చాపి తీసుకోవడానికి అంతసేపు పడుతుందని నాకు ఇంతవరకూ తెలియదు. ఇన్నాళ్లూ గౌరి బియ్యం తీసుకుని నేలచూపులు చూస్తూ ఎందుకు వెళ్లిపోయేదో ఇప్పుడర్థమైంది.

ఆ గుమ్మడికాయ పులుసు మాత్రం భలే కుదిరింది. వచ్చే శనివారం బల్ల వెనక రెండు కుర్చీలు వేయాలి.