రెండు గీతల కింద

వెరులం, 1996 జూలై, ఆదివారం

ప్రేమ వాళ్ల తాతగారి తత్త్వరచనల్ని ఇవాళ మూడు కట్టలు చేశాను: ఆయన చేతిరాత నోటుబుక్కులు, ఉత్తరాలు, ఇప్పుడెవరూ మిగలని ఆయన శిష్యులు విని రాసుకున్న ప్రసంగాలు. "మనిషి ఎన్నడూ ఒంటరి కాడు" అన్న మాట శిష్యులందరి ప్రతుల్లోనూ ఉంది. ప్రేమ దాన్నే ఇక్కడి మా తెలుగువాళ్ల హాలు ముందు రాతి మీద చెక్కించాలనుకుంటోంది. ఆయన నోటుబుక్కులో మాత్రం అదే వాక్యాన్ని రెండు గీతలతో కొట్టేశారు. కొట్టేశాక కూడా అన్నారో, అన్నాక మనసు మార్చుకున్నారో! ఎక్కడా తేదీల్లేవు.

"తాత సొంత మాటేనా అన్నా? నాకు తెలుగు సదవడం రాదు, నువ్వే ష్యూర్‌గా సెప్పాల," అంది ప్రేమ.

"ఆయనదే," అనేశాను.

ఇంటికొచ్చినప్పట్నుంచీ అదే గుచ్చుతోంది. ఆ గీతల కింద ఏముందో చదవగలిగేవాణ్ణి, తెలుగునేలకు సముద్రాల అవతలున్న ఈ ఊళ్లో నేనొక్కణ్ణే. నన్ను తప్పు పట్టడానికైనా ఇంకొకరు లేరు.